ముందు మీరు చెప్పుర్రి

నా ఉద్యోగం చివరి ఏడాదిలో వరంగల్లులో మాకొక శిక్షణ పెట్టారు. సైన్సు టీచర్లు, లెక్కల టీచర్లు అందరూ రావాలన్నారు. హైదరాబాదు నుంచి వచ్చిన ఒక యువకుడు కంప్యూటరు పక్కన నిలబడి, ఫిజిక్సు చెప్పడానికి కొత్త పద్ధతి వచ్చిందన్నాడు. ప్రయోగం చేయకముందే ఏం జరుగుతుందో పిల్లలతో చెప్పించాలట. వాళ్ళలో వాళ్ళను వాదించుకోనివ్వాలట. ఆ తర్వాత కంప్యూటరుకు తగిలించిన పరికరం కళ్ళముందే గీత గీస్తుంటే, తాము అన్నది ఎక్కడ తప్పిందో పిల్లలే చూసుకుంటారట. మావాళ్ళంతా బుద్ధిగా రాసుకుంటున్నారు. నాకు మాత్రం కడుపు మండింది. కొత్తదట! ఈ కొత్త పద్ధతిని జనగామ బళ్ళో ఒక మనిషి జీవితమంతా నడిపాడు. దానికి తగిన బహుమానం కూడా పుచ్చుకున్నాడు. ఆ యువకుడి తప్పేమీ లేదు పాపం, వాడు పుట్టకముందు మాట ఇది.

ఆయన పేరు రాయను. ఆయన భార్య ఇంకా ఉంది. భర్త పేరు కాగితం మీద ఎక్కడ కనబడినా ఆమెకు ఇప్పటికీ గుండె దడే. మేమంతా ఆయన్ను సారు అన్నాం, ఇక్కడా అదే అంటాను. ఆయన మానుకోటలో, సొంత ఇంట్లో, జబ్బు చేసి పోయాడు. ఆ చావు గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ఆయన అంతకు ముందే పోయాడని నా లెక్క.

పొట్టి మనిషి. భుజానికో ఖాకీ సంచి, నడుస్తుంటే అది మోకాలికి కొట్టుకునేది. చొక్కా జేబులో ఎప్పుడూ ఒక అయస్కాంతం. అందుకని ఆ జేబుకు గుండుసూదులో, పిన్నీసులో, ఎవరివో తెలియని చిన్న చిన్న ఇనుప ముక్కలో అంటుకుని ఉండేవి. బస్సెక్కితే చివరి సీట్లో తప్ప కూర్చునేవాడు కాదు. బ్రేకు పడినప్పుడు ముందున్న తలకాయలన్నీ ఒక్కసారిగా వంగడం చూడాలని ఆయన సరదా. చూసి ఊరుకుంటే బాగుండేది. పక్కనున్న ముసలాయన్ను పట్టుకుని, "ఈసారి బ్రేకేస్తే నీ తలపాగ ముందుకు వోతదా ఎనుకకు వోతదా, ముందు నువ్వు చెప్పు తాతా" అనేవాడు. తాత ఈయనకు పిచ్చేమో అన్నట్టు కండక్టరు వంక చూసేవాడు.

స్టేషను ముందర చాయ్ కొట్టులో కూడా అంతే. పాలు ముందుగా పోస్తే చాయ్ తొందరగా చల్లారుతుందా, తాగేముందు పోస్తే చల్లారుతుందా అని అడిగి, కూలీలనూ కచేరీ గుమాస్తాలనూ రెండు జట్లుగా చేసి తగువు పెట్టేవాడు. కొట్టువాడు మొత్తుకునేవాడు. "సారూ, మీరు తాగి పోర్రి. వీళ్ళు చాయ్ తాగుత లేరు, పట్టుకొని చూస్తున్నరు. నా గిరాకి ఖరాబైతున్నది" అని. సారు నవ్వేవాడు కాదు. ఆయనకు అది హాస్యం కాదు.

ఆయన భార్యను మేము అక్కా అని పిలిచేవాళ్ళం. ఆమె చెప్పిన మాట ఇది. "పెండ్లి పీటల మీద తలంబ్రాలు దోసిట్ల పట్టుకొని నా దిక్కు వంగి, 'ముత్యం ముందు పడ్తదా, బియ్యపు గింజ ముందు పడ్తదా, నువ్వు చెప్పు' అన్నడు. నేను సిగ్గుతోని సచ్చిపోయిన. అయ్యగారు మంత్రం మర్సిపోయిండు." ఇంతకీ ఏం చెప్పినవక్కా అంటే, "ముత్యమే అన్న. అంత మందిల ఇంకేమంట? తర్వాత మా మామ గుంజుకపోయేదాక మళ్ళ మళ్ళ పోయించిండు" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది.

తరగతిలో ఆయన పద్ధతి ఒకటే. బల్లమీద సామానంతా పెట్టి, చేయకుండా ఆగేవాడు. "ముందు మీరు చెప్పుర్రి" అనేవాడు. ఇట్లా జరుగుతుందనేవాళ్ళు కిటికీ వైపు, అట్లా జరుగుతుందనేవాళ్ళు తలుపు వైపు పోయి నిలబడాలి. ఎటూ తేల్చుకోలేనివాళ్ళు నడిమి గోడకు ఆనుకోవాలి, వాళ్ళకు గోడమీది పిల్లులని పేరు. అప్పుడు కిటికీవాళ్ళు తలుపువాళ్ళను తమ వైపు లాగాలి. లాగడమంటే వాదించి లాగడమే, కానీ మా ఊళ్ళ పిల్లలు చొక్కాలు కూడా లాగేవాళ్ళు. ఎవరైనా మనసు మారి ఇటునుంచి అటు పోతే సారు వాళ్ళను ఆపి, "ఏ మాటకు మారినవ్?" అని అడిగేవాడు. ఇదంతా అయ్యాకే ప్రయోగం. అయ్యాక కూడా ఇది ఒప్పు, అది తప్పు అనేవాడు కాదు. "ఊఁ, మరి?" అనేవాడు. తప్పు చెప్పినవాళ్ళకు సంచిలోంచి తీసి పిడికెడు పల్లీలు పెట్టేవాడు. గోడమీది పిల్లులకు బెత్తం. పల్లీల కోసం కావాలని తప్పు చెప్పే ఘనులు మాలో ఉండకపోలేదు. సారు వాళ్ళను గంటసేపు ఆ తప్పు తరఫునే వాదించమనేవాడు. పల్లీలు అరిగిపోయేవి.

ఆయన నాకు అంటుకున్నది అరవై తొమ్మిదిలో. ప్రత్యేక తెలంగాణ ఉద్యమంతో బడులు మూతపడ్డాయి. మాది లింగాల ఘనపూర్ దిక్కు, నేను జనగామలో మేనమామ ఇంట్లో ఉండి చదువుకునేదాన్ని. మామ ఇల్లు పత్తి మార్కెట్టు వెనకాల. బంద్‌లతో మార్కెట్టు ఖాళీగా పడి ఉంది, మనిషి ఎక్కి నిలబడగలిగేంత పెద్ద కాంటా కూడా ఖాళీగా ఉంది. సారుకు ఖాళీ కాంటా కనబడితే ఊరుకుంటాడా? హమాలీలనూ దారిన పోయే పిల్లలనూ పోగేశాడు. నీళ్ళకు పోయిన నేను బిందె చంకలో పెట్టుకుని దూరంగా నిలబడ్డాను.

ఊరేగింపుకు పోతున్న పెద్ద తరగతుల పిల్లలు కొందరు కోపంగా వచ్చారు. "సార్, బంద్ నడుస్తుంటే మీరు క్లాసు చెప్తున్నరా?" అన్నారు.

"క్లాసు గాదు బిడ్డా, కాంటా ఊకెనే ఉన్నది. మీరు గూడ ఒక మాట చెప్పి పోర్రి. కాంటా మీద నిలవడ్డోడు గబుక్కున కూసుంటే తూకం పెరుగుతదా, తగ్గుతదా, గంతే ఉంటదా?"

వాళ్ళు చెప్పి పోదామనుకున్నారు. వాదనలో పడి అక్కడే ఉండిపోయారు. ఊరేగింపు వాళ్ళను వదిలేసి రైలుగేటు దాటిపోయింది. నాకు ఆగలేదు. వెనకనుంచి అరిచాను. "గంతే ఉంటది సార్! మనిషి గంతే ఉన్నడు గదా. కూసుంటే మాంసం తగ్గుతదా?"

అందరూ వెనక్కి తిరిగి నవ్వారు. ఆడపిల్ల గొంతు బజారులో వినబడకూడదని మా మామ ఇంట్లో కట్టడి. నేను బిందె పట్టుకుని పారిపోబోయాను. సారు మాత్రం నవ్వలేదు. "మంచిగ చెప్పినవ్ బిడ్డా. ఈ మాట తప్పని తేల్చాలంటే నాకు చాన కష్టమైతది" అన్నాడు.

ఒక హమాలీ ఎక్కి నిలబడ్డాడు. కాంటా దండెను సరిగ్గా నిలిపారు. ఆయన గబుక్కున కూర్చున్నాడు. దండె ముందు బరువు తగ్గినట్టు కిందికి వాలింది, వెంటనే టక్కుమని పైకి తగిలింది, ఊగి ఊగి మళ్ళీ మధ్యకు వచ్చి నిలిచింది. నేను అన్నది తప్పు. అంటే ఒక్క క్షణం మనిషి తేలికయ్యాడు, మరుక్షణం బరువయ్యాడు. మాంసం ఎక్కడికీ పోకుండానే! ఎందుకని అడిగితే సారు "రేపు మీరే చెప్పుర్రి" అని సంచి సర్దుకుని పోయాడు. నేను అన్నం వండుతూ ఆలోచించాను, బట్టలు ఉతుకుతూ ఆలోచించాను. బావి గట్టుమీద కూర్చుంటూ లేస్తూ మా అత్తతో తిట్లు తిన్నాను. కూర్చోవడం మొదలుపెట్టిన ఆ క్షణంలో నేల నన్ను పూర్తిగా మోయడం లేదని నా కాళ్ళకే తెలిసింది. ఎవరూ చెప్పకుండా నాకు నేనుగా తెలుసుకున్న మొదటి సంగతి అది. చదువంటే ఏమిటో నాకు ఆ బావి గట్టుమీద అర్థమైంది. ఇందులో అతిశయోక్తి ఏమీ లేదు.

చదువై, పెళ్ళై, లెక్కల టీచరునై అదే బడికి వచ్చేసరికి సారు జుట్టు నెరిసింది. సంచి మాత్రం మారలేదు. ఎనభైల నడుమ మా బడికి కంప్యూటరు వచ్చింది. చుట్టుపక్కల ఎక్కడా లేదు. టీవీ లాంటి తెర, ముందర మీటలపెట్టె. మేము పెద్దసారు అనే హెడ్మాస్టరు దానికి కొబ్బరికాయ కొట్టించాడు, తెర మీద పసుపు కుంకుమ పెట్టించాడు, పైన పచ్చని పట్టుగుడ్డ కప్పించాడు. చెప్పులు బయట విడిచి, చేతులు వెనక్కి కట్టుకుని, పిల్లలంతా ఒక్కసారి వరుసగా తిరిగి దర్శనం చేసుకున్నారు. తర్వాత గదికి తాళం. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని సామెత. సర్కారు కంప్యూటరిచ్చింది, మా పెద్దసారు తాళంచెవి ఇవ్వలేదు. చెడిపోతే తన ఉద్యోగానికి మూడుతుందని ఆయన భయం.

సారు ఆయన చెవిలో ఇల్లు కట్టుకుని పోరాడు. ఏ మాటకూ కరగని పెద్దసారు చివరికి ఎలుకల మాటకు కరిగాడు. "వాడకుంటే ఎలుకలు సొచ్చి వైర్లు కొరుకుతయి సార్. అప్పుడు మిమ్ములనే అడుగుతరు" అన్నాడు సారు. ఆఫీసు గదిలో ఎలుకలు అప్పటికే ఫ్యాను వైరు కొరికి ఉన్నాయి. ఆ శనివారం తాళం తెరుచుకుంది.

సారు కంప్యూటరు వెంట వచ్చిన పుస్తకాన్ని నిఘంటువు పెట్టుకుని చదివాడు. వెనకాల ఒక సాకెట్టు ఉంది, అందులో బయటినుంచి వైరు కలపవచ్చని తెలుసుకున్నాడు. హైదరాబాదు పోయి కోఠీలో చిన్న పూస కొనుక్కొచ్చాడు. ఆవగింజకంటే కాస్త పెద్దది, వేడిని బట్టి దానిలో కరెంటు పారడం మారుతుంది. దానికి రెండు వైర్లు అతికి, నీళ్ళు తగలకుండా అక్క గోళ్ళరంగు పూశాడు. పూసను వేడి నీళ్ళలో పెడితే తెరమీద చుక్కలు పైకి పోయేవి, చన్నీళ్ళలో పెడితే కిందికి దిగేవి. చుక్క పక్కన చుక్క పడి గీత అయ్యేది. వేడి ఎట్లా నడుస్తుందో కంటితో చూడటం అంతవరకు నేను ఎరగను.

అయినా సారు పద్ధతి మార్చలేదు. పిల్లలు చెప్పేదాకా మీట నొక్కేవాడు కాదు. "మిషను ఎవరికైనా గీత గీస్తది. గీయకముందు నువ్వు ఏమన్నవో మిషనుకు తెల్వదు. అది నీకు ఎరుకుండాలె" అనేవాడు.

ఒకరోజు స్టేషను దగ్గర ఐసు ఫ్యాక్టరీ నుంచి ఊకలో కప్పిన ఐసు తెప్పించాడు. దంచి గిన్నెలో పోసి, పూసను అందులో పెట్టి, కింద కిరసనాయిలు స్టవ్ వెలిగించే ముందు అడిగాడు. గీత ఎటు పోతుంది? మంట పెట్టినంక పైకే పోతుందని దాదాపు తరగతంతా కిటికీ దగ్గరికి పోయింది. స్టవ్ వెలిగింది. కలుపుతున్న కొద్దీ ఐసు కరుగుతోంది. చుక్కలు పైకి పోలేదు. ఒకదాని పక్కన ఒకటి, నేలమీద నడిచినట్టు, అడ్డంగా పోతూనే ఉన్నాయి. "సార్, గీత పండుకున్నది!" అని సరోజన అనే పిల్ల కేకేసింది. ఐసంతా కరిగాక గాని గీత లేవలేదు. అంత వేడి ఎక్కడికి పోయిందని పిల్లలు గోల గోల చేశారు. ఆ రోజు ఒక్కసారి సారు పళ్ళు కనబడేలా నవ్వడం చూశాను. ఆ వయసులో ఆయన నవ్వు అంత బాగుంటుందని నాకు అప్పటిదాకా తెలియదు.

ఆ ఏడు దసరా సెలవులిచ్చే రోజు పెద్దసారు బళ్ళో ఆయుధపూజ చేయించాడు. ఆ పూజలో పెట్టిన సామాను మళ్ళీ మంచిరోజు చూసి తీసేదాకా ముట్టుకోకూడదని మావాళ్ళ ఆచారం. గంట, గడ్డపార, సైకిలుతో పాటు కంప్యూటరుకు కూడా బంతిపూల దండ పడింది. గదికి తాళం వేసి, తాళానికి పసుపుదారం చుట్టి, సెలవులయ్యేదాకా తీయొద్దన్నాడు. ముట్టుకోవద్దన్నది కంప్యూటరునే కదా అని, సారు తన పూసను, వైర్లను ఒక బిస్కట్ల రేకుడబ్బాలో పెట్టుకున్నాడు. అక్కను బతుకమ్మకు పుట్టింటికి తీసుకుపోతున్నాడు. ఆమె పుట్టిల్లు భూపాలపల్లి పక్క పల్లె. అక్కడి పిల్లలకు చూపించాలని డబ్బాలో బ్యాటరీలు, ఒక ముల్లు మీటరు, సమయం చూడటానికి అలారం గడియారం కూడా సర్దాడు.

ఆ రోజుల్లో అడవివైపు పోయే దారులు ఎట్లా ఉండేవో ఆ కాలంవాళ్ళకు చెప్పనక్కర్లేదు. నక్సలైటు అన్నల కోసం పోలీసులు బస్సులు ఆపి సంచులు వెతికేవాళ్ళు. పరకాల దాటాక బస్సు ఆగింది. తర్వాతి సంగతి అక్క నాకు చెప్పింది.

"డబ్బా ఇప్పిండ్రు. వైర్లు, బ్యాటరీలు, గడియారం. గా పోలీసు మొకం ఎర్రగైంది. 'గిదేందిరా?' అన్నడు. ఈయన ఏమన్నడో ఎరుకేనా? 'మీరేమనుకుంటున్నరు? ముందు మీరు చెప్పుర్రి' అన్నడు. ఎక్కసక్కం కాదమ్మా. అలవాటు. నోట్లెకెళ్ళి అట్లనే వచ్చింది. గా పోలీసును గూడ పిల్లగాడనే అనుకున్నడు. నేను కొంగు గుంజిన. అప్పటికే చెంప మీద పడ్డది. 'నాకే పరీక్ష పెడ్తవా' అనుకుంట దింపుకపోయిండ్రు."

అడిగినదానికి సూటిగా జవాబు చెప్పని మనిషి వాళ్ళ దృష్టిలో ఒకే రకం మనిషి. ఏ ఊరివాడో తేలాక ఆయన్ను మా దిక్కు ఠాణాకు తెచ్చారు. ఏ ఠాణానో నేను ఇక్కడ రాయను. అక్క ఏడ్చుకుంటూ మా ఇంటికి వచ్చింది. ఇద్దరం పోయాం. ఎస్సై నడివయసు మనిషి, మమ్మల్ని కూర్చోమన్నాడు కూడా. లోపలి గదిలోంచి మాత్రం ఏ చప్పుడూ లేదు. అక్క ఆ గది తలుపు వంకే చూస్తూ కూర్చుంది.

"గిది బాంబు సామాను గాదు సార్, పిల్లలకు పాఠం చెప్పే సామాను. బళ్ళె కంప్యూటరుకు పెడితే గీత గీస్తది" అన్నాను.

"అట్లయితే పెట్టి చూపెట్టుర్రి. నిజమైతే ఇడిసిపెడ్త. కంప్యూటర్ తెరిపియ్యుర్రి, నేనే వస్త" అన్నాడు ఎస్సై.

ఇంతకంటే సులువైన పని ఉందా? ఒక్క తాళం తీయాలి. అక్కడినుంచి నేరుగా పెద్దసారు ఇంటికి పోయాం. ఆయన అరుగుమీద కూర్చుని జమ్మికొమ్మలు కట్టిస్తున్నాడు.

"పూజల పెట్టిన మిషను. పసుపుదారం కట్టినం. నడుమల తీస్తే అరిష్టం" అన్నాడు.

"సారును అక్కడ ఏం చేస్తున్నరో మీకు ఎరుకలేదా? ఒక గంట తెరవండి సార్. పాపం నాకు తగలనీయండి" అన్నాను.

"డీఈఓ గారి పర్మిషన్ గావాలె. పోలీసుల్ని బళ్ళెకు తెచ్చుడంటే మాటలా? రేపు నా పేరు గూడ రాసుకుంటరు. అయినా కందకు లేని దురద కత్తిపీటకెందుకమ్మా, నీకెందుకు గిదంత?"

అక్క ఆయన కాళ్ళమీద పడింది. ఆయన కాళ్ళు వెనక్కి తీసుకుని లోపలికి పోయాడు. నేను బడికి పోయి తాళం పగలగొట్టడానికి రాయి తీసుకున్నాను. చప్రాసి తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు. "టీచరమ్మా, మీకు తాఖీదొస్తది, నాకు నౌకరే పోతది. పిల్లలుగల్లోన్ని" అని ఏడ్చాడు. నేను రాయి పక్కన పడేశాను. ఆ మనిషిని తోసి లోపలికి పోయే హక్కు నాకు లేదనుకున్నాను. ఇప్పటికీ అదే అనుకుంటాను. పెద్దసారును మాత్రం ఈ రోజుకూ క్షమించలేదు. ఆయన పోయాడని తెలిసినప్పుడు కూడా నా మనసు మెత్తబడలేదు. ఉన్నమాట చెప్పడానికి నాకు సిగ్గు లేదు.

పండుగ గడిచింది. ఊరంతా జమ్మి ఆకు పంచుకుని కౌగిలించుకుంది. అక్క రోజూ టిఫిను డబ్బా పట్టుకుపోయి ఠాణా మెట్లమీద కూర్చునేది, డబ్బా లోపలికి పోయేది, ఖాళీగా వచ్చేది. అన్నం ఎవరు తింటున్నారో తెలిసేది కాదు. బడి తెరిచిన రోజు పెద్దసారు మంచి ఘడియ చూసుకుని, కొబ్బరికాయ కొట్టి, పసుపుదారం విప్పి తాళం తీశాడు.

నేను కబురు పంపితే ఎస్సై రేకుడబ్బా పట్టుకుని వచ్చాడు. సరోజన, ఇంకో ఇద్దరు పిల్లలు ఐసు తెచ్చి ఉంచారు. నేను వైరు కలిపాను. పూసను రెండు వేళ్ళ మధ్య పట్టుకోమంటే ఎస్సై ముందు జంకాడు, తర్వాత పట్టుకున్నాడు. ఆయన ఒంటి వేడికి చుక్కలు పైకి లేచాయి. వదిలాడు, దిగాయి. మళ్ళీ పట్టుకున్నాడు. మళ్ళీ వదిలాడు. ముఖం చిన్నపిల్లాడి ముఖంలా అయింది. దాన్ని చూస్తుంటే నాకు అసహ్యం వేసింది, జాలి కూడా వేసింది. ఐసు గిన్నెలో పూస పెట్టి స్టవ్ వెలిగించబోతూ, ముందు మీరు చెప్పుర్రి అనే మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. ఆ మాటకు ఒక మనిషి ఏం అనుభవిస్తున్నాడో గుర్తొచ్చి మింగేశాను. ఊరికే వెలిగించాను.

గీత అడ్డంగా పోయింది. ఎస్సై వంగి స్టవ్ కిందికి చూశాడు. "మండుతనే ఉన్నది గదా?"

"మండుతనే ఉన్నది."

"మరి గింత వేడి యాడికి వోతున్నది?"

"సారును ఇడిసిపెట్టుర్రి. ఆయన చెప్తడు" అన్నాను.

సాయంత్రానికి సారు ఇంటికి వచ్చాడు. నడిచే వచ్చాడు. కుడిచేతి వేళ్ళు సగానికి మించి ముడుచుకునేవి కావు. కొన్నాళ్ళకు బడికి వచ్చాడు. భుజానికి సంచి లేదు. నేను ఆ రోజు పక్క తరగతిలో ఉన్నాను, నడుమ ఉన్నది తడిక గోడే. పిల్లలు లేచి నిలబడి, ఎటు పోవాలో చెప్తాడని ఎదురు చూశారు. "కూసోండి. రాసుకోండి" అన్నాడు సారు. పుస్తకం తెరిచి, మొదటి వాక్యం నుంచి గంట కొట్టేదాకా చదివి రాయించాడు. మర్నాడూ అంతే. ఎవరో పిల్ల "గట్లెందుకైతది సార్?" అని అడిగితే, "పుస్తకంల అట్లనే ఉన్నది" అన్నాడు. పిల్లలు కొన్నాళ్ళు ఓర్చుకుని, అలవాటు పడ్డారు. మార్కులు కూడా బాగానే వచ్చాయి. ఇప్పుడు సారు దారికొచ్చాడని పెద్దసారు స్టాఫ్ రూములో అన్నాడు. నేను చేతిలో ఉన్న చాయ్ గ్లాసు బల్లమీద అట్లాగే పెట్టేసి లేచి వచ్చాను.

వేసవి సెలవుల తర్వాత మళ్ళీ బడులు తెరిచినప్పుడు ఎస్సై తన కూతురును మా బళ్ళో చేర్పించడానికి వచ్చాడు. పోలీసు డ్రెస్సు లేకుండా, తెల్లబట్టల్లో. పని అయ్యాక నేరుగా స్టాఫ్ రూముకు వచ్చాడు. నేనూ సారూ ఇద్దరమే ఉన్నాం. ఆయన్ను చూడగానే సారు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"కూసోండి సారూ, నేను గా పని మీద రాలే" అన్నాడు ఎస్సై. సారు కూర్చోలేదు. ఎస్సై ఇబ్బందిగా నా వంక చూసి, మళ్ళీ ఆయన వైపు తిరిగాడు. "ఆ దినం ఐసు కరిగేటప్పుడు గీత లేవలేదు. కింద మంట మండుతనే ఉండె. గంత వేడి యాడికి వోయింది? మీరే చెప్తరని ఈ టీచరమ్మ అన్నది."

సారు చేతులు కట్టుకున్నాడు. చూపు నేలమీద పెట్టి, తడుముకోకుండా చెప్పాడు. "ఒక ఘనపదార్థం దాని ద్రవీభవన స్థానం వద్ద, ఉష్ణోగ్రతలో మార్పు లేకుండా ద్రవంగా మారడానికి, ప్రమాణ ద్రవ్యరాశికి కావలసిన ఉష్ణరాశిని ద్రవీభవన గుప్తోష్ణం అంటారు."

"పుస్తకంల ముచ్చట గాదు సారూ. మనసుల నిలవడ్డది, గందుకే అడుగుతున్న." ఎస్సై ఒక అడుగు దగ్గరికి వచ్చాడు. గొంతు తగ్గించాడు. "పోనీ, ముందు నేను చెప్పాల్నా? తప్పైతే తప్పనుర్రి. ఐసు గట్టిగ పట్టుకొని ఉంటది గదా, గా పట్టు ఇడిపిచ్చుటానికే వేడంత ఖర్చయితున్నదనుకుంటున్న. అంతేనా?"

నేను సారు ముఖం వంక చూశాను. జీవితమంతా ఆయన ఎదురుచూసిన మాట అదే. ఎవరూ చెప్పకుండా, తనకు తానుగా ఆలోచించి, తప్పయినా సరేనని ఒక మనిషి ఆయన ముందు నిలబడి అడుగుతున్నాడు. ఒక్కసారి తలెత్తితే చాలు, ఎందుకట్ల అని ఒక్క మాట అంటే చాలు అని మనసులో మొక్కుకున్నాను.

సారు తలెత్తలేదు. చెప్పింది చాలలేదేమో, గొంతు చిన్నదైందేమో అన్నట్టు, కట్టుకున్న చేతులు ఇంకా బిగించి, మళ్ళీ మొదటినుంచి, ఇంకా గట్టిగా, "ఒక ఘనపదార్థం దాని ద్రవీభవన స్థానం వద్ద" అని మొదలుపెట్టాడు.